ఏడవని చెల్లెలు

పెద్దకర్మ అయిన మర్నాడే నీరజ యూనివర్సిటీకి వెళ్ళింది. వెళ్ళకపోతే ఇంట్లో కూర్చుని ఏం చెయ్యాలో తోచలేదు. తల్లి గురవమ్మ తెల్లారకముందే చీపురు తీసుకుని కార్పొరేషన్ డ్యూటీకి వెళ్ళిపోయింది. ఇద్దరు మనుషులున్న ఇంట్లో ఊడవడానికీ వండడానికీ ఎంత పని ఉంటుంది? గార్డెన్ రీచ్‌లో బస్సెక్కి, కిటికీ పక్కన చోటు దొరికితే కూర్చుంది.

అన్న అశోక్‌కుమార్ పోయిన దారి కూడా అదే. డాక్ రోడ్డు మలుపులో కంటైనర్ల ట్రైలరొకటి తిరుగుతూ తిరుగుతూ అతని మోటారుసైకిల్ని కిందికి లాక్కుంది. బస్సు ఆ మలుపు దగ్గరికొచ్చినప్పుడు గుండె జల్లుమంటుందేమోనని నీరజ కాచుకుని కూర్చుంది. జల్లుమనలేదు. కండక్టరు చెయ్యి చాపాడు. చిల్లర తీసి ఇచ్చింది. మలుపు వెనకపడిపోయింది.

ఆమె చదువుతున్నది ఇంగ్లీషు సాహిత్యమూ నాటకమూ కలిపిన డిగ్రీ, ఆఖరి సంవత్సరం. పొద్దున్నపూట పాత మేడలో కవిత్వం, నవల, విమర్శ. మధ్యాహ్నం ఆవరణకి ఆ చివరనున్న హాల్లో నాటకం. పొద్దున్న పంతుళ్ళు "ఈ వాక్యంలో రాసినామె ఏం దాచింది?" అని అడిగేవారు. మధ్యాహ్నం "ఏమీ దాచకు, బయటపెట్టు" అనేవారు. మొదటి ఏడు నీరజకి ఇది నవ్వులాటగా ఉండేది. రెండు మేడల మధ్య నడిచే ఆ కాస్త దూరంలో మనిషి తలకిందులైపోవాలి అని అన్నకి చెప్పేది. అశోక్ పదో తరగతితో ఆపేసి చెత్త లారీ మీద కాంట్రాక్టు పనికి చేరినవాడు. తండ్రి బైరాగి కామెర్లతో పోతే ఆయన కార్పొరేషన్ ఉద్యోగం తల్లికి వచ్చింది, ఇంటి బరువు సగం వీడి మీదికి వచ్చింది. "ఏటి సదువుతావో నాకనవసరం. పెద్దది సదువు" అనేవాడు చెల్లెలితో.

ఆ రోజు క్లాసులో తన పక్కన ఆమెకి చోటు ఉంచి కూర్చున్నది కౌముది. కౌముది తండ్రి రఘురాం బ్యాంకులో పెద్ద అధికారి. విశాఖపట్నం నుంచి ఈ బెంగాలీల నగరానికి బదిలీ అయి వచ్చి, ఉన్నవాళ్ళుండే సాల్ట్ లేక్‌లో ఉంటున్నారు. మొదటి ఏడాది మొదటి రోజున మెట్ల మీద నిలబడి నీరజ ఫోనులో "తిన్నానమ్మా, ఇంట్లో ఏటి కూర?" అంటుంటే వెనకనుంచి భుజం మీద చెయ్యి పడింది. "నువ్వు తెలుగా!" అని దాదాపు అరిచింది కౌముది. అప్పట్నుంచీ ఇద్దరూ ఒక జంట. నీరజకి తెలుగు చదవడం రాదు, బడి అంతా బెంగాలీలో సాగింది. కౌముది పద్యాలు చదివి వినిపించేది. నీరజ ఇంటి మాట వినిపించేది. కౌముదికి ఎంత చెవి అంటే, విన్న మాట విన్నట్టు నాలుక మీదికి వచ్చేసేది. "ఎలిపోనాడు, ఒచ్చీసినాడు" అని గురవమ్మలాగే అంటుంటే నీరజ పొట్ట పట్టుకుని నవ్వేది.

ఆ కౌముది అశోక్ పోయిన రోజున మొదటిసారి వాళ్ళింటికి వచ్చింది. కార్పొరేషన్ క్వార్టర్లలో రెండో అంతస్తు, ఒకటే గది. గుమ్మం పక్కన గోడకానుకుని కూర్చుంది. డ్యూటీకి బూట్లేసుకుని వెళ్ళాడు గనక అశోక్ చెప్పులు గుమ్మంలోనే ఉన్నాయి. గురవమ్మ వాటిని చూసి రాగమెత్తింది. "నీ సెప్పులు గుమ్మంలోనే ఉన్నాయి గదరా నాయినా... ఏ కాళ్ళతో ఎలిపోనావురా..." ఆమె గొంతు వరండా దాటి కింది వీధిలోకి పోయింది. చుట్టుపక్కల బెంగాలీ వాళ్ళు, బీహారీ వాళ్ళు వచ్చి నిలబడ్డారు. ఎవరికీ ఆ మాటలు తెలీవు, అయినా కళ్ళు తుడుచుకున్నారు. నీరజ స్టవ్ వెలిగించి టీ పెట్టింది. వచ్చినవాళ్ళందరికీ ఇచ్చింది. గ్లాసులు చాలకపోతే కడిగి మళ్ళీ పోసింది. కౌముదికీ ఇచ్చింది. కౌముది గ్లాసు పట్టుకుని తాగకుండా ఆమెనే చూస్తూ కూర్చుంది.

నాటకం చెప్పే సుదేష్ణాది, బెంగాలీలో దీ అంటే అక్క, పిల్లలంతా ఆమెని అలాగే పిలుస్తారు, ఆ ఏడాది చివరి ప్రదర్శనకి ఒక విషయం ఇచ్చింది. ఎవరికి వారు ఏదో ఒకటి పోగొట్టుకున్న సంగతి రాసుకుని, ఒక్కొక్కరే స్టేజి మీద చెప్పాలి. అందరికీ చెప్పాక నీరజని పక్కకి పిలిచింది.

"నువ్వు ఈసారి స్టేజి మీదికి రానక్కర్లేదు. లైట్లు చూసుకో. మార్కుల సంగతి నేను చూస్తాను."

"సరే దీ."

"నీకు చెయ్యాలనుంటే మాత్రం..."

"వద్దు దీ. లైట్లు చూస్తాను."

ఆ రోజుల్లో ఏది అడిగినా ఆమె నోట్లోంచి "సరే", "ఉండనీ" అనే రెండు మాటలే వచ్చేవి. సాహిత్యం పరీక్షలో చనిపోయినవాళ్ళ మీద రాసిన విలాప కావ్యాల గురించి ప్రశ్న వచ్చింది. కవి దుఃఖాన్ని ఛందస్సులో ఎలా కూర్చోబెడతాడో వివరించమన్నారు. నీరజ తల ఎత్తకుండా రాసింది. తరగతిలో ఆమెదే మంచి జవాబని ప్రొఫెసరు పైకి చదివారు. చదువుతూ చదువుతూ మధ్యలో ఆయనకే ఏదో గుర్తొచ్చి గొంతు తగ్గించారు. పిల్లలు నీరజ వైపు తిరిగి, వెంటనే తలలు తిప్పుకున్నారు. నీరజకి కిటికీ బయట ఎవరో సైకిలు చెయిను బిగించుకోవడం కనిపిస్తోంది. అది చూస్తూ కూర్చుంది.

ఒక మధ్యాహ్నం క్యాంటీనులో కౌముది తన ప్లేటు పక్కకి జరిపింది.

"నేను రాసింది అయిపోయింది నీరజా. నీకు చదివి వినిపించనా?"

"స్టేజి మీద వింటాలే."

"అది కాదు. అందులో కొంచెం... మీ ఇంటి సంగతి కూడా ఉంది."

"ఉండనీ."

"నీకేం అభ్యంతరం లేదు కదా? లేదంటే తీసేస్తాను, నిజంగా."

"ఉండనీ అన్నాను కదా" అంది నీరజ. అని, ఘుగ్నీ బఠానీల కూరలో ఉల్లిపాయ ముక్కలు ఏరి పక్కన పెట్టుకుంది. ఆమె ఏం ఒప్పుకుందో ఆమెకే తెలీదు.

తెలిసింది రిహార్సల్లో. హాలు వెనక ఎత్తులో చిన్న లైట్ల గది, ముందు అద్దం, అద్దం కింద మీటల బోర్డు. సుదేష్ణాది చెప్పినట్టు నీరజ మొదటి మీట పైకి జరిపింది. కౌముది తెల్లటి వెలుగులోకి వచ్చి నిలబడింది. మెటియాబ్రుజ్‌లో చవకగా కొన్న బూడిదరంగు చీర కట్టుకుంది. ఇంగ్లీషులో మొదలుపెట్టింది. మా అన్న చెత్త లారీ మీద పనిచేసేవాడు, అంది. మా అమ్మ వీధులూడుస్తుంది, అంది. ఒక రోజు రోడ్డు మలుపులో, అంది. నీరజ చెయ్యి మీట మీద ఉంది. తర్వాత కౌముది మోకాళ్ళ మీద కూలబడి, లేని చెప్పుల్ని చేతుల్లోకి తీసుకుని, తెలుగులో ఎత్తుకుంది.

"నీ సెప్పులు గుమ్మంలోనే ఉన్నాయి గదరా నాయినా..."

గురవమ్మ గొంతే. ఆ దీర్ఘం, ఆ దీర్ఘం చివర తెగిపోయే ఊపిరి, అన్నీ. హాల్లో ఎవరికీ తెలుగు రాదు. అయినా తలలు వంగిపోయాయి. వెనక వరసలో ఒకమ్మాయి వెక్కుతోంది. తర్వాత కౌముది కథలోని చెల్లెలై లేచి, తల గోడకేసి కొట్టుకుని, అన్నయ్యా అని అరిచి, ఏడ్చి ఏడ్చి నేల మీద పడిపోయింది. అక్కడ లైటు మెల్లగా తగ్గించాలి. నీరజ మెల్లగా తగ్గించింది. తనకి కోపం వస్తే బాగుండునని అనుకుంది. కాస్త ఆకలేసింది.

బయటికొచ్చాక కౌముది పరుగున వచ్చి చెయ్యి పట్టుకుంది. ఇంకా కాటుక కారుతూనే ఉంది.

"చెప్పు. ఎలా ఉంది? తిట్టాలనుంటే తిట్టు."

నీరజ ఆలోచించింది. "నేను ఏడవలేదు కదా" అంది.

"ఏమిటి?"

"ఆ రోజు. నేను ఏడవలేదు. టీ పెట్టాను. నువ్వు చూశావు కదా."

కౌముది కారిన కాటుక తుడుచుకుంది. "చూశాను. కానీ అది స్టేజి మీద ఎలా చూపిస్తాం? చెల్లెలు ఊరికే టీ గ్లాసులు కడుగుతుంటే జనానికి ఏం అర్థమవుతుంది? ఆమెకి బాధ లేదనుకుంటారు."

"అవును, అలాగే అనుకుంటారు" అంది నీరజ. తన తల్లి కూడా అలాగే అనుకుందేమోనని అప్పుడే మొదటిసారి అనుమానం వచ్చింది. దాన్ని పైకి అనలేదు.

ప్రదర్శన రెండు రోజులు. ఇంటివాళ్ళకి పాసులిచ్చారు. నీరజ తన పాసు బల్ల మీద పడేస్తే గురవమ్మ అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఏటిది?"

"మా నాటకం. నేను లైట్లు వేస్తాను, అంతే."

"నానూ ఒత్తాను. మూడేళ్ళబట్టి ఏటి సదువుతన్నావో ఒక్కపాలన్నా సూడొద్దేటి?"

"అంతా ఇంగ్లీషే అమ్మా. నీకేం అర్థం కాదు."

"నువ్వేసే లైట్లు కనపడతాయి గదా."

అప్పుడే చెప్పి ఉండవలసింది. కౌముది ఇలా చేస్తోంది, నీ మాటలే అంటుంది, వినలేవు, రావద్దు అని. నీరజ నోరు తెరిచింది కూడా. తీరా వచ్చిన మాట, "సరే, రా." కౌముదికి ఫోను చేసి మా అమ్మ వస్తోందని చెబుదామనుకుంది. ఆ ఫోనూ చెయ్యలేదు. ఎవరికి ఏం చెప్పాలన్నా నూతిలోంచి నీళ్ళు తోడినంత బరువుగా ఉండేది.

గురవమ్మ ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుని, తలకి నూనె రాసుకుని వచ్చింది. నీరజ ఆమెని మూడో వరసలో కూర్చోబెట్టింది. పక్కన కౌముది తల్లిదండ్రులు రఘురాం, హైమ కూర్చున్నారు. తెలుగువాళ్ళని తెలిసి హైమ పలకరించింది. "మీ అమ్మాయి కూడా ఈ నాటకంలో ఉందా అండీ?" అంది. "నేదమ్మా, మా పాప లైట్లు" అని గురవమ్మ గర్వంగానే చెప్పింది.

లైట్ల గది అద్దంలోంచి నీరజకి తల్లి ముడి మాత్రమే కనిపిస్తోంది. ఒక్కొక్కరే వచ్చి చెప్పుకుని వెళ్ళారు. ఒకడు అమ్మేసిన ఇంటి గురించి, ఒకమ్మాయి తెగిపోయిన స్నేహం గురించి. ఆ ముడి కదలకుండా ఓపిగ్గా చూస్తోంది. తర్వాత కౌముది వచ్చింది. ఇంగ్లీషు సాగినంతసేపూ ముడి అలాగే ఉంది. చెప్పులు చేతిలోకి తీసుకున్నప్పుడూ అలాగే ఉంది.

"ఏ కాళ్ళతో ఎలిపోనావురా..." అంది కౌముది.

ముడి ఒక్కసారి పైకి లేచింది. గురవమ్మ నిలబడలేదు, సీట్లోనే వెన్ను నిటారు చేసింది. కౌముది ఊపిరి కోసం ఆగిన చోట, చీకట్లోంచి రెండో గొంతు అందుకుంది.

"వొండిన కూడు సల్లారిపోనాది గదరా నాయినా... పిలిత్తే పలకవేటిరా..."

చావు ఇంట్లో ఒకామె విడిచిన రాగాన్ని ఇంకొకామె అందుకుంటుంది. గురవమ్మ అంతకు మించి ఏమీ ఆలోచించి చెయ్యలేదు. జనం అదీ నాటకంలో భాగమేననుకున్నారు. కొందరు మెడలు తిప్పి చూస్తున్నారు. స్టేజి మీద కౌముది ఆ గొంతు గుర్తుపట్టింది. ముఖంలో రక్తం లేకుండా పోయింది. తర్వాతి మాట మర్చిపోయి, చేతులు అలాగే గాలిలో ఉంచి నిలబడిపోయింది. హైమ మొదట కొంచెం పక్కకి ఒదిగింది. తర్వాత ఏమనుకుందో, గురవమ్మ భుజం మీద చెయ్యి వేసింది.

స్టేజి వెలుగు ముందు వరసల దాకా పడుతోంది. వెనక్కి తిరిగినవాళ్ళకి గురవమ్మ ముఖం కనిపిస్తుంది. నోరు తెరుచుకుని, ముక్కు కారుతూ, ఆమె అన్నీ మరచిపోయి ఏడుస్తోంది. ఇంకా ఇంకా తలలు అటు తిరుగుతున్నాయి. నీరజ అన్ని మీటలూ ఒకేసారి కిందికి లాగేసింది.

హాలంతా చీకటి. ఎవరూ ఎవరికీ కనిపించరు. ఆ చీకట్లో గురవమ్మ తన ఏడుపు చివరిదాకా ఏడ్చింది. ఆమె గొంతు దానంతటదే పలచబడి, చీదుకుని, ఊరుకునేదాకా నీరజ లైటు వెయ్యలేదు. తర్వాత నెమ్మదిగా వేసింది. చప్పట్లు మొదలయ్యాయి, చాలాసేపు మోగాయి.

సుదేష్ణాది మెట్లెక్కి వచ్చింది. "ఆ చీకటి నీ ఆలోచనేనా? ఆ జనంలోని గొంతు? కౌముది నాకు చెప్పనేలేదు. రేపు కూడా అలాగే ఉంచండి."

"అది మా అమ్మ దీ" అంది నీరజ.

సుదేష్ణాది నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అక్కడున్న కుర్చీలో కూర్చుండిపోయింది.

రఘురాం కారులో దింపుతామన్నాడు. "ఒద్దు బాబూ, మాకు బస్సున్నాది" అంది గురవమ్మ. బస్సులో తల్లీకూతుళ్ళు పక్కపక్కన కూర్చున్నారు. చాలా దూరం వెళ్ళాక గురవమ్మ మాట్లాడింది.

"ఆ పాప మనింటికొచ్చినాది గదా ఆయేల."

"ఆఁ."

"నా మాటలన్నీ ఒట్టుకెలిపోనాది."

"కోపమొచ్చిందా అమ్మా?"

"కోపమేటి. ఏడుపుకి నీదీ నాదీ అనుంటాదేటి? మా ఊర్ల ఎవలింట్ల సావైనా నలుగురాడోలొచ్చి ఎత్తుకుంటారు. ఇక్కడెవలున్నారు? ఆయేల నానొక్కద్దాన్నే ఏడిసినాను. పక్కనింకో గొంతుంటే బాగున్ననుకున్నాను."

ఆ ఇంకో గొంతు ఎవరిదై ఉండాలో నీరజకి తెలుసు. పశ్చాత్తాపం కోసం తనలో తను వెతుక్కుంది. సామాను తీసేసిన గదిలా ఉంది లోపలంతా.

"నాకు రాలేదమ్మా" అంది.

"తెలుసు. నాకు టీ ఇచ్చినావు. పంచదారెక్కువేసీసినావు." గురవమ్మ కిటికీ బయటికి చూస్తూ అంది. "తాగినాను. లేకపోతే ఆ పొద్దు గొంతెండిపోయి పడిపోదును."

డాక్ రోడ్డు మలుపు వచ్చింది. గురవమ్మ కళ్ళు మూసుకుంది. నీరజ మూసుకోలేదు.

మర్నాడు కౌముది ముందుగానే వచ్చి లైట్ల గది మెట్ల మీద కూర్చుని ఉంది.

"ఆంటీ వస్తున్నారని ఒక్క మాట చెప్పొచ్చు కదా నీరజా."

"చెప్పలేకపోయాను."

"నేను ఈ రోజు చెయ్యను. సుదేష్ణాదికి చెప్పేశాను. నాకు సిగ్గుగా ఉంది."

"చెయ్యి" అంది నీరజ. "అమ్మకేం కోపం లేదు. కానీ ఈ ఒక్కరోజు చెల్లెల్ని ఏడిపించకు. ఉన్నదున్నట్టు చెయ్యి. టీ పెట్టనీ."

కౌముది ఆమె ముఖంలోకి చూసింది. ఇన్ని వారాల్లో నీరజ తనంతట తాను ఒకటి కావాలని అడగడం అదే మొదలు. "సరే" అంది.

ఆ సాయంత్రం స్టేజి మీద కౌముది గురవమ్మ ఏడుపుని ఎత్తుకోలేదు. చెప్పుల జోలికి పోలేదు. రోడ్డు మలుపు సంగతి చెప్పి, కూర్చుని, లేని స్టవ్ వెలిగించింది. లేని గ్లాసుల్లో టీ పోసి, ఒక్కొక్కరి ముందూ వంగి పెట్టింది. అయిపోయిన గ్లాసులు తెచ్చి కడిగింది. మళ్ళీ పోసింది. చాలాసేపు అదే చేసింది. జనం దగ్గారు, సర్దుకుని కూర్చున్నారు. ఎవరి ఫోనో వెలిగింది. ముందు వరసలో ఒక పెద్దాయన మాత్రం తన ముందు పెట్టిన లేని గ్లాసుని రెండు చేతులా అందుకున్నాడు. చివర్లో చప్పట్లు మర్యాదకి కొట్టారు. నిన్నటిదే బాగుందని సుదేష్ణాది ఉన్నమాట చెప్పింది.

వైర్లన్నీ చుట్టిపెట్టి, హాలు తాళాలిచ్చేసి స్నేహితురాళ్ళిద్దరూ గేటు బయట టీ కొట్టు దగ్గర నిలబడ్డారు. మట్టి కప్పులు వేడిగా ఉన్నాయి.

"ఒక్కరు కూడా ఏడవలేదు" అంది కౌముది.

"అవును."

"నీకైనా నచ్చిందా?"

నీరజ టీ మీద ఊదుకుంది. "ఆ గ్లాసు కడిగేటప్పుడు మోచేత్తో జుట్టు వెనక్కి నెట్టుకున్నావు. నేను అలాగే చేస్తానా?"

"అలాగే చేశావు."

నీరజకి అది తెలీదు. ఆ రోజు తనని ఒకరు అంత దగ్గరగా చూశారన్నమాట. కాసేపటికి, ఎవరూ అడక్కుండానే మొదలుపెట్టింది. "మా అశోక్ ఒకసారి జుట్టుకి పసుపు రంగు వేయించుకొచ్చాడు. ఎవరో ఫుట్‌బాల్ ఆటగాడు వేసుకున్నాడట. మంగలి సరిగ్గా కలపలేదేమో, ఆవకాయ రంగు వచ్చింది. అమ్మ డ్యూటీ చీపురు తీసుకుని వరండా పొడుగునా తరిమింది. వాడు మెట్లు దూకుతూ పారిపోయి, మొహర్రం ఊరేగింపులో కలిసిపోయాడు. ఎక్కడున్నాడో అని వెతకనక్కర్లేకపోయింది. అంత జనంలోనూ ఆ బుర్ర ఒక్కటే..."

నవ్వొచ్చింది. గట్టిగానే వచ్చింది, టీ ఒలికి చేతి మీద పడింది. కౌముది కూడా నవ్వుతోంది. నవ్వుతూనే ఆమె కళ్ళలో ఆ చురుకుదనం రావడం, పెదాలు మాటని అనుకరిస్తున్నట్టు కదలడం నీరజ చూసింది.

"ఇది రాయకు" అంది.

కౌముది పెదాలు ఆగాయి. "రాయను."

గార్డెన్ రీచ్ బస్సు వచ్చి ఆగింది. కండక్టరు తొందరపెడుతున్నాడు. నీరజ కాలిన చెయ్యి ఊదుకుంటూ ఎక్కింది. చెయ్యి బాగానే మండుతోంది.